రాస్ సముద్రం అడుగున ఏ పొర ఎక్కడుందో ఎలా తెలిసింది?

న్యూజిలాండ్‌కు దక్షిణంగా, అంటార్కిటికా ఖండంలోకి లోతుగా చొచ్చుకుపోయిన సముద్రం ఒకటుంది. 1841లో జేమ్స్ క్లార్క్ రాస్ తన రెండు ఓడలతో అక్కడికి చేరాడు కాబట్టి దాన్ని రాస్ సముద్రం అంటున్నాం. దాని దక్షిణ భాగాన్ని దాదాపు ఫ్రాన్స్ దేశమంత విస్తీర్ణమున్న తేలే మంచు పలక కప్పేసింది. మిగతా భాగం మీద కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రపు మంచు పరుచుకునే ఉంటుంది. ఓడలు సర్వేకు వెళ్లడానికి వీలయ్యేది జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకానే.

అక్కడ నీటి లోతు సగటున 500 మీటర్లు. దాని కింద బురద, ఇసుక, గులకరాళ్లు కలిసిన పొరలు పేరుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల వాటి మందం 10 కిలోమీటర్లు దాటుతుంది. తూర్పు బేసిన్, మధ్య లోయ, ఉత్తర బేసిన్, విక్టోరియా లాండ్ బేసిన్ అని నాలుగు పెద్ద గుంటల్లో ఈ మేట నిండి ఉంది. ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ అంతమవుతుందో, ఏది ఎక్కడ తెగిపోయిందో చూపే పటాలు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి. అయితే ఇంత విశాలమైన సముద్రంలో శాస్త్రజ్ఞులు వేసిన బోర్లు చాలా కొద్ది. వాటిలో అన్నిటికన్నా లోతైనది కూడా కిలోమీటరున్నర లేదు. మరి పటం ఎలా గీశారు? అసలు ఎందుకు గీశారు?

ముందు, ఎందుకు?

అంటార్కిటికా మీదున్న మంచంతా కరిగితే ప్రపంచ సముద్రాల మట్టం దాదాపు 58 మీటర్లు పెరుగుతుంది. అంతా కరిగే ప్రమాదం దగ్గర్లో లేదు. కానీ పశ్చిమ అంటార్కిటికాలోని మంచు చాలావరకు సముద్ర మట్టానికి దిగువనున్న నేల మీద కూర్చుని ఉంది. వెచ్చటి సముద్రపు నీరు దాని అంచు కిందికి చేరగలదు. అందుకే శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్నను వదలకుండా అడుగుతున్నారు: భూమి ఇప్పటికన్నా వెచ్చగా ఉన్న కాలాల్లో ఆ మంచు నిలబడిందా, వెనక్కి తగ్గిందా? తగ్గితే ఎంత దూరం తగ్గింది? కోనసీమ లాంటి పల్లపు తీరాల్లో ఉండేవాళ్లందరికీ ఆ జవాబుతో పని ఉంది.

దానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? మంచులోనే వెతుకుదామంటే, ఎడతెగకుండా దొరికిన అతి పాత మంచు సుమారు పన్నెండు లక్షల ఏళ్ల నాటిది. మనకు కావలసింది కోట్ల ఏళ్ల చరిత్ర. నేల మీద వెతుకుదామంటే, మంచు కదులుతూ తన కిందున్న రాతిని గీకేస్తుంది. ఒకసారి రాసిపెట్టిన గుర్తును తర్వాతి మంచు వచ్చి చెరిపేస్తుంది. గీకిన మట్టిని మాత్రం అది సముద్రం వైపు ఈడ్చుకుపోయి వదిలేస్తుంది. అలా అంటార్కిటికా చరిత్ర అంటార్కిటికా మీద చెరిగిపోయి, దాని పక్కనున్న సముద్రం అడుగున పోగుపడింది. పొరల పటం కోసం ఇంత శ్రమ పడేది ఇందుకే.

శబ్దానికి పొర ఎలా తెలుస్తుంది?

ఓడ వెనక ఎయిర్‌గన్ అనే లోహపు గొట్టాన్ని నీటిలో కొన్ని మీటర్ల లోతున లాగుతారు. అందులో గాలిని వాతావరణ పీడనానికి దాదాపు 140 రెట్ల ఒత్తిడితో కుదించి ఉంచుతారు. దాన్ని ఒక్కసారిగా వదిలితే నీటిలో పెద్ద బుడగ పేలినట్టు పుడుతుంది. ఆ చప్పుడు కిందికి వెళుతుంది. ఓడ గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ పది సెకన్లకోసారి గాలి వదిలితే, ప్రతి 25 మీటర్లకు ఒక చప్పుడు పడినట్టు లెక్క. ఓడ వెనకే స్ట్రీమర్ అనే పొడవాటి కేబుల్ తేలుతూ వస్తుంది. దాని నిండా హైడ్రోఫోన్లు, అంటే నీటిలో చప్పుడు వినే మైకులు వరసగా ఉంటాయి. కింది నుంచి తిరిగొచ్చిన ప్రతి చిన్న ప్రతిధ్వనినీ అవి నమోదు చేస్తాయి. కోనసీమలో చమురు కోసం ఇలా ప్రతిధ్వనులతో జరిగే సైస్మిక్ సర్వేలను చూసినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. అక్కడ పొలాల్లో జరిగేదే ఇక్కడ నీటిలో జరుగుతుంది.

ప్రతిధ్వని ఎక్కడి నుంచి వస్తుందన్నది జాగ్రత్తగా గమనించాలి. పొర లోపలి నుంచి రాదు. రెండు పొరలు కలిసే చోటి నుంచి వస్తుంది. ప్రతి పదార్థానికీ ఒక సాంద్రత, అందులో శబ్దం వెళ్లే ఒక వేగం ఉంటాయి. ఆ రెంటినీ గుణిస్తే వచ్చే విలువ పై పొరలో ఒకటిగా, కింది పొరలో మరొకటిగా ఉంటే శబ్దంలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. తేడా ఎంత ఎక్కువైతే ప్రతిధ్వని అంత గట్టిగా ఉంటుంది. రెండు పొరల రంగు వేరైనా, వయసు వేరైనా, ఈ గుణకారం విలువ ఒకటే అయితే శబ్దం ఏమీ జరగనట్టు దాటిపోతుంది. కాబట్టి సైస్మిక్ చిత్రంలో కనిపించేవి పొరలు కావు, పొరల మధ్య మార్పులు. ఈ సంగతిని చదువుతున్నంతసేపూ మనసులో పెట్టుకోవాలి.

ఎంత సన్నని పొర దాకా కనిపిస్తుందన్నది శబ్దం ఎంత గంభీరంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 50 కంపనాల శబ్దం, సెకనుకు 2,000 మీటర్ల వేగంతో పోయే మేటలో 40 మీటర్ల పొడవు అలగా సాగుతుంది. అందులో నాలుగో వంతు, అంటే 10 మీటర్ల కన్నా సన్నని పొరను పైనా కిందా వేరుచేసి చూడటం కష్టం. అంతకన్నా సన్నగా చూడాలంటే శబ్దాన్ని కీచుగా మార్చాలి. అప్పుడది లోతుకు పోకుండా పై పొరల్లోనే ఇంకిపోతుంది. లోతు కావాలంటే సన్నదనాన్ని, సన్నదనం కావాలంటే లోతును వదులుకోక తప్పదు. అందుకే ఒకే ఓడ మీద రెండు రకాల శబ్దాలనూ వాడతారు.

సెకన్లు మీటర్లు ఎలా అవుతాయి?

హైడ్రోఫోన్‌కు తెలిసింది ఒక్కటే: చప్పుడు వెళ్లి తిరిగి రావడానికి ఎంత సమయం పట్టిందన్నది. లోతు దానికి తెలియదు. రాస్ సముద్రపు చల్లటి నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,450 మీటర్లు పోతుంది. 500 మీటర్లు దిగి పైకి రావడానికి 0.69 సెకను పడుతుంది. ఆ తర్వాత మేటలోకి దిగాక వేగం మారిపోతుంది. మెత్తటి బురదలో నీటిలో కన్నా కాస్త ఎక్కువ, మంచు బరువుకు నలిగి గట్టిపడిన మట్టిలో 2,000 మీటర్లకు పైన, అడుగు బండరాతిలో 5,000 దాకా ఉంటుంది. మేటలో ఒక సెకను ప్రయాణమంటే, వేగం 2,000 అనుకున్నవారికి 1,000 మీటర్ల మందం వస్తుంది. 2,400 అనుకున్నవారికి 1,200 మీటర్లు వస్తుంది. ఒకే గీతకు రెండు వందల మీటర్ల తేడా.

దీనివల్ల కంటికి ఎలాంటి మోసం జరుగుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. మంచు అంచు కొంతకాలం ఒకేచోట ఆగితే అక్కడ మట్టి గుట్టలా పేరుకుంటుంది. 100 మీటర్ల ఎత్తున్న అలాంటి గుట్ట సముద్రం అడుగున కూర్చుని ఉందనుకోండి. దాని కింద పూర్తిగా చదునైన పాత పొర ఒకటుంది. గుట్ట పక్కన శబ్దం ఆ 100 మీటర్లను నీటిలో దాటాలి. పోనూ రానూ 0.138 సెకను పడుతుంది. గుట్ట ఉన్నచోట అదే దూరాన్ని సెకనుకు 1,900 మీటర్ల వేగంతో మట్టిలో దాటుతుంది, 0.105 సెకనే పడుతుంది. గుట్ట కింది నుంచి వచ్చే ప్రతిధ్వని 0.033 సెకను ముందే చేరిపోతుంది కాబట్టి చిత్రంలో ఆ చదునైన పొర గుట్ట కింద సుమారు 30 మీటర్లు పైకి ఉబ్బినట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్లు అక్కడ నేల పైకి లేచిందని రాసేస్తారు. వేగాలను సరిగ్గా పట్టుకుంటే ఆ ఉబ్బు తనంతట తనే పోతుంది.

మరి వేగాలు ఎలా తెలుస్తాయి? స్ట్రీమర్ పొడవుగా ఉండేది ఇందుకే. ఒకే బిందువు నుంచి తిరిగే ప్రతిధ్వని దగ్గరి హైడ్రోఫోన్‌కు ముందు, దూరపు హైడ్రోఫోన్‌కు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎలా పెరుగుతోందో చూస్తే మధ్యలో శబ్దం ఏ వేగంతో పోయిందో లెక్క కట్టొచ్చు. తర్వాత ఆలస్యాలను సరిచేసి, ఒకే బిందువుకు చెందిన నమోదులన్నిటినీ ఒకదాని మీద ఒకటి కలుపుతారు. దీన్నే స్టాకింగ్ అంటారు. అసలు ప్రతిధ్వని అన్నిటిలోనూ ఒకేచోట ఉంటుంది కాబట్టి బలపడుతుంది. అలల రొద, ఓడ ఇంజిన్ మోత ఎక్కడంటే అక్కడ ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 36 నమోదులు కలిపితే రొదతో పోల్చినప్పుడు అసలు సంకేతం ఆరు రెట్లు తేటపడుతుంది.

ధ్రువ సముద్రంలో అదనపు చిక్కేమిటి?

మంచుగడ్డలు అడ్డొస్తాయి, చలికి గాలి గొట్టాలు గడ్డకడతాయి అన్నవి ఎవరైనా ఊహించగలిగేవే. అసలు చిక్కు సముద్రం అడుగులో ఉంది. ఒకప్పుడు చాలా మందమైన మంచు దాని మీద కూర్చుని ఈడ్చుకుంటూ పోయింది. మెత్తటి పై మట్టి ఊడ్చుకుపోయి, మిగిలింది నలిగి గట్టిపడింది. గోదావరి ముఖద్వారం దగ్గరి మెత్తటి బురద నుంచి శబ్దంలో ఐదో వంతు వెనక్కి తిరిగితే, ఈ గట్టి నేల నుంచి దాదాపు సగం తిరుగుతుంది. తిరిగిన ఆ శబ్దం పైకొచ్చి నీటి ఉపరితలానికి తగిలి మళ్లీ కిందికి పోతుంది. అడుగుకు తగిలి మళ్లీ పైకొస్తుంది. ఇలా రెండో విడత వచ్చిన ప్రతిధ్వనిని మల్టిపుల్ అంటారు.

500 మీటర్ల లోతులో మొదటి ప్రతిధ్వని 0.69 సెకనుకు వస్తే, మల్టిపుల్ 1.38 సెకన్లకు వస్తుంది. సరిగ్గా అదే క్షణానికి, సముద్రం అడుగు కింద సుమారు 690 మీటర్ల లోతున్న అసలు పొర నుంచి బలహీనమైన ప్రతిధ్వని కూడా వస్తూ ఉంటుంది. మల్టిపుల్ దాన్ని కప్పేస్తుంది. తర్వాత మూడో విడత, నాలుగో విడత వస్తూనే ఉంటాయి. అంటే ఏడు వందల మీటర్ల కిందనున్న చరిత్రంతా ఈ రొద చాటున ఉన్నట్టే.

దీన్ని విడదీయడానికి కూడా వేగమే దారి. మల్టిపుల్ ప్రయాణమంతా నీటిలోనే, నెమ్మదిగా సాగింది. అసలు ప్రతిధ్వని సగం దారి మేటలో వేగంగా పోయింది. కాబట్టి దూరపు హైడ్రోఫోన్ దగ్గర రెండూ ఒకే సమయానికి చేరవు. 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైడ్రోఫోన్ దగ్గర ఆ తేడా 0.29 సెకను దాకా వస్తుంది. అంత ఉంటే కంప్యూటరు సులభంగా వేరుచేస్తుంది. 600 మీటర్ల కేబులే ఉంటే తేడా 0.02 సెకనుకు పడిపోతుంది. రెండూ దాదాపు అతుక్కునే ఉంటాయి. కానీ పొడవాటి కేబులును మంచుగడ్డల మధ్య లాగితే అది తెగుతుంది, లేదా చిక్కుకుంటుంది. అన్నిటికన్నా పొడవు కేబులు కావలసిన చోటనే పొట్టి కేబులు వాడాల్సి రావడమన్నది ధ్రువ సముద్రాల్లో పనిచేసేవాళ్ల నిత్య సమస్య. ఉత్తర ధ్రువంలో మరీ కష్టం. ముందు ఐస్‌బ్రేకర్ మంచును పగలగొడుతుంటే వెనక దారి మూసుకుపోయే లోపు రెండు మూడు వందల మీటర్ల కేబులుతోనే సర్దుకున్న సందర్భాలున్నాయి.

ఈ చప్పుళ్ల వల్ల తిమింగలాలకు, సీళ్లకు ఇబ్బంది ఉంది. వాటి బతుకంతా వినికిడి మీదే నడుస్తుంది. అందుకే చప్పుడును తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం, ఓడ మీద మనుషుల్ని కాపలా ఉంచి జంతువు దగ్గరికొస్తే ఆపేయడం నియమాలుగా పెట్టారు. నా మటుకు నాకు, ఒకసారి సేకరించిన డేటాను పదిసార్లు వాడుకోవడం అన్నిటికన్నా మంచి నియమం. ఆ కథ ముందు వస్తుంది.

గీతల్లో మంచు ఎక్కడ కనిపిస్తుంది?

శుభ్రపరిచిన చిత్రం చేతికొచ్చాక, అందులో గీతలు ఏ వాలున ఉన్నాయి, ఎక్కడ ఒకదానికొకటి తగిలి ఆగిపోతున్నాయి అని చూస్తారు. 1977లో అమెరికాలో చమురు కంపెనీ పరిశోధకులు ఈ చదివే పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాక ప్రపంచమంతా అదే బాటలో నడిచింది. కానీ వాళ్ల పద్ధతి నదులు మట్టి తెచ్చే తీరాలకు కుదిరింది. అంటార్కిటికా తీరంలో ఆ పని మంచు చేసింది. చదివే తీరు మార్చుకోవాల్సి వచ్చింది.

మంచు సముద్రంలోకి ముందుకొచ్చి, ఖండతీరపు అంచు చివరి దాకా చేరిందనుకోండి. అడుగున ఈడ్చుకొచ్చిన మట్టిని ఆ చివర నుంచి వాలు మీదికి తోసేస్తుంది. చెరువులోకి కట్ట పొడిగించేటప్పుడు ట్రాక్టర్లు చివరి దాకా వచ్చి మట్టిని వాలు మీదికి దొర్లిస్తాయి చూడండి, పాత వాలు మీద కొత్త వాలు పడుతూ కట్ట ముందుకు జరుగుతుంది. సైస్మిక్ చిత్రంలోనూ అలాగే ఏటవాలు గీతలు ఒకదాని పక్కన ఒకటి సముద్రం వైపు పేర్చి కనిపిస్తాయి. వాటి తలలు మాత్రం పైన ఒకే మట్టాన నున్నగా తెగి ఉంటాయి. ఆ తెగిన గీతే కీలకం. ఏటవాలు పొరలు తమంతట తాము అలా తెగవు. మంచు వాటి మీదుగా పాకుతూ పైభాగాన్ని చెక్కేసింది. అంటే ఆ కాలంలో మంచు నేలకు ఆనుకుని అక్కడి దాకా వచ్చింది.

భూశాస్త్రంలో ఇలాంటి కోతకు గురైన తలాన్ని అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. కోతకు కింద ఒక కాలం, పైన మరో కాలం, మధ్యలో ఉండాల్సినవి లేవు. రాస్ సముద్రంలో ఇలాంటి పెద్ద కోతలను గుర్తించి, అడుగు నుంచి పైకి ఆర్‌ఎస్‌యు-6 నుంచి ఆర్‌ఎస్‌యు-1 దాకా పేర్లు పెట్టారు. ఆ కోతలు విడదీసిన పొరల గుంపులకు ఆర్‌ఎస్‌ఎస్-1 నుంచి 8 దాకా సంఖ్యలు ఇచ్చారు. వేరే సముద్రాల్లో పొర పోయిందంటే సమాచారం పోయిందని బాధపడతారు. ఇక్కడ పొర పోవడమే సమాచారం. ఎంత మేర చెక్కేసిందో పటం గీస్తే, ఆ కాలపు మంచు ఎంత దూరం పరుచుకుందో పటం గీసినట్టే. రాస్ సముద్రం మీద జరిగిన పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది ఈ సంగతే.

ఇంకో విచిత్రం కూడా ఈ చెక్కుడు నుంచే వచ్చింది. ప్రపంచంలో చాలా చోట్ల ఖండతీరపు అంచు ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ లోతవుతుంది, చివరన 130 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంటార్కిటికాలో తలకిందులు. ఒడ్డు వైపు పోయేకొద్దీ లోతు పెరుగుతుంది. లక్షల ఏళ్ల తరబడి మంచు లోపలి భాగాన్ని తవ్వి బయటికి తోసింది, తన బరువుతో నేలను అణిచింది కూడా. పాత పొరల్లో వాలు సముద్రం వైపు, కొత్త పొరల్లో ఖండం వైపు ఉండటం సైస్మిక్ చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

కనిపించిన ప్రతి గీతా పొరేనా?

కాదు. సముద్రం అడుగు ఎలా వంపు తిరిగితే అలాగే వంపు తిరుగుతూ, పొరలను అడ్డంగా కోసుకుంటూ పోయే గీత ఒకటి కొన్నిచోట్ల కనిపిస్తుంది. చలి, ఒత్తిడి కలిసి మీథేన్‌ను నీటితో గడ్డకట్టించిన హైడ్రేట్ ఎంత లోతు దాకా నిలవగలదో ఆ హద్దు అది. దాని కింద వాయువు వాయువుగానే ఉంటుంది కాబట్టి శబ్దం అక్కడ తిరుగుతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఈ గీతను వెంబడించే 2006లో జోయిడెస్ రెజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మన తీరానికి వచ్చి, బంకమట్టి పగుళ్లలో మందమైన గ్యాస్ హైడ్రేట్ నిక్షేపాన్ని బయటపెట్టింది. రాస్ సముద్రం పశ్చిమ భాగంలోనూ ఇలాంటి గీతలు ఉన్నట్టు ఇటలీ శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ గీతను పొర అనుకుని వయసు అంటగడితే లెక్కంతా తప్పుతుంది.

దీనికి తలకిందులైన ఉదాహరణ ఉత్తర ధ్రువం దగ్గర ఉంది. లొమొనోసోవ్ శిఖరశ్రేణి మీద 1991లో తీసిన సైస్మిక్ చిత్రాల్లో పొరలు ఒకదాని మీద ఒకటి సమాంతరంగా, ఎక్కడా గండి లేనట్టు కనిపించాయి. 2004లో మూడు ఓడలు వెళ్లి, రెండు మంచు పగలగొడుతూ కాపు కాస్తే మూడోది అక్కడ 428 మీటర్ల దాకా తవ్వింది. పైకొచ్చిన మట్టిని పరీక్షిస్తే మధ్యలో సుమారు 2.6 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైందని తేలింది. తర్వాత ఆస్మియం ఐసోటోపులతో వయసు కట్టినవారు గండి అంత పెద్దది కాదని వాదించారు. ఎవరి లెక్క నిలిచినా, సమాంతరంగా ఉన్నంత మాత్రాన కాలం ఎడతెగకుండా సాగిందని నమ్మకూడదని అక్కడి బోరు నేర్పింది.

మరి వయసు ఎవరు చెబుతారు?

బోరు చెప్పాలి. సైస్మిక్ చిత్రం ముందూ వెనకా చెబుతుంది: ఇది కింద ఉంది కాబట్టి పాతది, అది పైన ఉంది కాబట్టి కొత్తది. ఎన్ని ఏళ్లన్నది మట్టిని చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. బోరు ఒక్క చోట నిలువునా చెబుతుంది. సైస్మిక్ గీత ఆ వయసును వందల కిలోమీటర్లు అడ్డంగా మోసుకుపోతుంది. ఏ ఒక్కటీ రెండోది లేకుండా సరిపోదు.

1973లో గ్లోమార్ చాలెంజర్ ఓడ రాస్ సముద్రంలో నాలుగు చోట్ల తవ్వింది. అందులో 270వ సైటులో 422 మీటర్లు దిగి అడుగు బండను తాకింది. దాని పైనున్న మేటలో మంచు మోసుకొచ్చిన రాళ్లు, కనీసం 2.5 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయి. అంటార్కిటికా మంచు అంత పాతది కాదనుకుంటున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. 2006–07 వేసవిలో ఆండ్రిల్ అనే డ్రిల్లింగ్ బృందం ఓడ లేకుండానే, తేలే మంచు పలక మీద రిగ్గు నిలబెట్టి, 80 మీటర్లకు పైగా మంచు, 800 మీటర్లకు పైగా నీరు దాటి 1,285 మీటర్లు తవ్వింది. ఎక్కడ తవ్వాలో చెప్పింది ముందుగా ఆ మంచు మీద నుంచే చేసిన సైస్మిక్ సర్వే. 2018లో మళ్లీ జోయిడెస్ రెజల్యూషన్, అంటే అంతకు పన్నెండేళ్ల ముందు కృష్ణా–గోదావరి బేసిన్‌లో తవ్విన ఆ ఓడే, రాస్ సముద్రంలో ఐదు చోట్ల తవ్వింది.

పైకొచ్చిన కోర్‌లో, అంటే బోరు నుంచి తీసిన మట్టి కడ్డీలో, డయాటమ్‌లు అనే గాజు గుల్లల నాచు జాతులు, మట్టిరేణువుల్లో నిలిచిన పాత అయస్కాంత దిశ, దగ్గరి అగ్నిపర్వతాల బూడిద, ఈ మూడూ కలిసి వయసు పట్టిస్తాయి. ఆ తర్వాత మిగిలేది బోరులోని మీటర్లకూ చిత్రంలోని సెకన్లకూ ముడి వేయడం. బోరులోకి పరికరం దించి అడుగడుగునా శబ్ద వేగాన్ని కొలుస్తారు. కోర్ ముక్కల సాంద్రతను కొలుస్తారు. ఆ రెంటినీ గుణించి, ఇలాంటి మట్టి మీద ఎయిర్‌గన్ పేలిస్తే ప్రతిధ్వని ఎలా ఉండాలో కంప్యూటరులో కృత్రిమంగా తయారుచేసి అసలు చిత్రం పక్కన పెట్టి చూస్తారు. రెండూ సరిపోయేదాకా సర్దుతారు. కోర్ సగం చోట్ల చేతికి రాకపోతే, గులకరాళ్లున్న మట్టిలో అలా జరుగుతూనే ఉంటుంది, ఈ ముడి వదులుగా ఉండిపోతుంది. ఆ సంగతి పటం మీద రాయాలి. మంచి పటాలు రాస్తాయి కూడా.

ఒకరి చిత్రం ఇంకొకరికి ఎలా చేరింది?

1973 నాటి కోర్లలో కొద్దిగా మీథేన్, ఈథేన్ ఆనవాళ్లు కనిపించాయి. అంతే, అంటార్కిటికాలో చమురుంటుందన్న ఆశ మొలిచింది. అదే దశాబ్దంలో చమురు ధరలు ఆకాశానికి ఎగిశాయి. తర్వాతి పదేళ్లలో అనేక దేశాలు అక్కడ సైస్మిక్ సర్వేలు చేశాయి. శాస్త్రం కోసమా, చమురు కోసమా అన్న అనుమానం అందరి మీదా అందరికీ ఉండేది. అలాంటి స్థితిలో డేటా ఎవరి అరలో వాళ్లు దాచుకోవడం సహజం. కానీ రాస్ సముద్రమంత బేసిన్‌ను ఒక్క దేశపు గీతలతో అర్థం చేసుకోలేం. ఒకరి గీత ఇంకొకరి గీతను దాటే చోట రెంటిలోనూ ఒకే పొర ఒకే లోతులో ఉందో లేదో చూస్తేనే గుర్తింపు నిలబడుతుంది.

1991 అక్టోబరులో మాడ్రిడ్‌లో అంటార్కిటికా పర్యావరణ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజాల కోసం అక్కడ ఏ పనీ చేయకూడదని అందులో రాశారు. అదే నెలలో బాన్ నగరంలో సమావేశమైన అంటార్కిటికా ఒప్పంద దేశాలు సైస్మిక్ డేటాకు ఒక ఉమ్మడి గ్రంథాలయం పెట్టాలని సిఫారసు చేశాయి. సేకరించిన నాలుగేళ్ల లోపు డేటాను గ్రంథాలయానికి ఇవ్వాలి, ఎనిమిదేళ్లు దాటాక అది అందరికీ తెరిచి ఉండాలి. ఈ రెండు నియమాల వల్ల వేర్వేరు దేశాల గీతలు ఒకే బల్ల మీదికి వచ్చాయి. 1995లో వెలువడిన రాస్ సముద్రపు అట్లాస్ ఈ సహకారం నుంచి పుట్టిందే. ఆర్‌ఎస్‌యు, ఆర్‌ఎస్‌ఎస్ పేర్లు అందులోవే. పాత టేపులను కొత్త కంప్యూటర్లతో మళ్లీ శుభ్రం చేస్తే, అప్పట్లో మల్టిపుల్ చాటున దాగిన పొరలు ఇప్పుడు కొంతవరకు కనిపిస్తున్నాయి. దాని కోసం కొత్తగా ఒక్క చప్పుడూ చేయాల్సిన పనిలేదు.

మన దేశం భారతి స్థావరం కట్టుకున్న లార్స్‌మన్ కొండలు ఇలాంటి మరో తీరాన, ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున ఉన్నాయి. కోట్ల ఏళ్ల కింద భారతదేశపు తూర్పు తీరం ఆ ఖండానికే అతుక్కుని ఉండేది. తూర్పు కనుమల రాళ్లకూ అక్కడి రాళ్లకూ ఉన్న పోలికను భూశాస్త్రజ్ఞులు ఎప్పుడో గుర్తించారు. ఆ అఖాతంలో 2000లో వేసిన బోరులో, మొక్కల ఆనవాళ్లున్న ఇసుక మీద మంచు తెచ్చిన మట్టి పరుచుకుని కనిపించింది. పచ్చటి నేల మంచు నేలగా మారిన సరిహద్దు అది.

ఇంతా చేసి తెలిసిందేమిటి?

ఆండ్రిల్ కోర్‌లో మంచు కింద నలిగిన రాళ్ల మట్టి ఒక పొర, డయాటమ్‌లతో నిండిన తెల్లటి మట్టి ఒక పొర, మళ్లీ రాళ్ల మట్టి, ఇలా మారిమారి వచ్చాయి. డయాటమ్‌లకు వెలుతురు కావాలి. అవి ఉన్నాయంటే అక్కడ మంచు తొలగి సముద్రం తెరుచుకుని ఉంది. సుమారు 30 నుంచి 50 లక్షల ఏళ్ల కిందటి కాలంలో ఈ రాకపోకలు భూమి ఇరుసు వంపు మారే 40 వేల ఏళ్ల లయకు సరిపోయాయి. వెచ్చటి కాలాల్లో పశ్చిమ అంటార్కిటికా మంచు పదేపదే కుంచించుకుపోయిందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అంతకు ముందు లేదు.

2018లో తవ్విన యు1521 సైటు ఇంకో ముక్క చెప్పింది. 1.77 నుంచి 1.74 కోట్ల ఏళ్ల మధ్య అక్కడ చాలా మందమైన మేట వేగంగా పడింది. రాళ్ల పుట్టిల్లు ఏదని పరీక్షిస్తే పశ్చిమ అంటార్కిటికా అని తేలింది. అంటే అంత పాత కాలంలోనే అక్కడ పెద్ద మంచు ఉంది, రాస్ సముద్రం అంచు దాకా వచ్చింది. ఆనాడు పశ్చిమ అంటార్కిటికా నేల ఇప్పటికన్నా ఎత్తుగా, మంచు నిలవడానికి అనువుగా ఉండేది.

నేల ఎత్తు ఎలా తెలిసిందంటే, అది పొరల పటం నేరుగా ఇచ్చిన ఫలితం. సముద్రం అడుగున ఎంత మట్టి ఉందో మందం పటాల నుంచి ఘనపరిమాణం కడతారు. ఆ మట్టినంతా లెక్కలో తిరిగి ఖండం మీద పోస్తారు. బరువు మారితే నేల ఎంత కుంగుతుందో, ఎంత లేస్తుందో కూడా కలుపుతారు. 2019లో శాస్త్రజ్ఞుడు గై పాక్స్‌మన్ తన సహచరులతో కలిసి ఇలా 3.4 కోట్ల ఏళ్ల నాటి అంటార్కిటికా ఎత్తుపల్లాలను పునర్నిర్మించాడు. ఇప్పుడు సముద్ర మట్టానికి దిగువనున్న చాలా ప్రాంతాలు అప్పట్లో పొడి నేల. వెచ్చటి నీటికి మంచు అందేంత పల్లాన్ని మంచే తవ్వుకుంది. కాబట్టి ఒకే వాతావరణం ఆనాటి మంచును ఒకలా, ఈనాటి మంచును ఇంకోలా తాకుతుంది. రేపటి సముద్ర మట్టాన్ని అంచనా వేసే కంప్యూటర్ నమూనాలను పరీక్షించాలంటే ముందు ఆనాటి నేలను సరిగ్గా పెట్టాలి. పొరల్లో శబ్ద వేగాన్ని పదో వంతు తప్పుగా అనుకుంటే మట్టి ఘనపరిమాణం పదో వంతు తప్పుతుంది, లెక్కలో నిలబెట్టిన కొండల ఎత్తు కూడా దానితో మారిపోతుంది.

ఓడలు గీసిన గీతలన్నీ రాస్ మంచు పలక అంచు దగ్గర ఆగిపోతాయి. పొరలు ఆగవు, పలక కిందుగా దక్షిణానికి సాగుతాయి. వాటిని అందుకోవాలంటే మంచులో వేడినీటితో రంధ్రాలు చేసి, అందులో చిన్న పేలుళ్లు జరిపి, ఉపరితలం మీద పరిచిన జియోఫోన్లతో, అంటే నేల కంపనాలను వినే మైకులతో వినాలి. ఓడ ఒక్క రోజులో దాటే దూరానికి అక్కడ వారాలు పడతాయి. సముద్రంలో సంఖ్యలిచ్చిన ఎనిమిది పొరల గుంపుల్లో ఏవేవి పలక కింద ఎంత దూరం సాగుతున్నాయో ఆ చిన్న చిన్న గీతలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ తేల్చాల్సి ఉంది.